పరాయి ఊళ్లో పడే మాట ఒంట్లో ఎక్కడ దిగుతుంది

సంక్రాంతి దాటిందంటే కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికని, అంటే కోతల పనికి, బయల్దేరి గుంటూరు, పల్నాడు మిరప చేలల్లో దిగుతాయి. బలంగీర్, నువాపడా జిల్లాల ఒడియా వాళ్లు కార్తీకం వెళ్లాక వచ్చి వానలు పడేదాకా ఇటుక బట్టీల దగ్గరే ఉంటారు. అమరావతి పనుల్లో బీహార్, జార్ఖండ్, బెంగాల్ కుర్రాళ్లున్నారు. బెజవాడ అపార్ట్‌మెంట్లకు శ్లాబులు పోసే చేతుల్లో చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం చేతులే.

వీళ్లలో ఎవరికి జబ్బు చేసినా మనం చెప్పే కారణాలు నాలుగే. తాగుతాడు, ఖైనీ నములుతాడు, శుభ్రం ఉండదు, వాళ్ల ఊరినుంచే తెచ్చుకున్నాడు. అందులో కొంత నిజం ఉండొచ్చు. మనం వాళ్లతో మెలిగే తీరు మాత్రం ఆ లెక్కలోకి ఎప్పుడూ రాదు. అది మనసు నొప్పించి ఊరుకునేది కాదు. బీపీని పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మూడో రోజు ఆస్పత్రికి రావాల్సిన మనిషిని పదమూడో రోజున తెచ్చి పడేస్తుంది. ఇది ఎలా జరుగుతుందో, ఎక్కడెక్కడ ఆపవచ్చో మేస్త్రీలకూ, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకూ, ఆశా కార్యకర్తలకూ, ఓపీలో కూర్చునే డాక్టర్లకూ ఉపయోగపడేలా రాస్తున్నాను.

ముందు ఒంట్లో జరిగేది. పదిమందిలో కసిరినప్పుడు, గది లేదు పొమ్మన్నప్పుడు, కూలి డబ్బులడిగితే తిట్టినప్పుడు శరీరం దెబ్బలాటకు సిద్ధమైనట్టే సిద్ధమవుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కణ్నుంచి కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది. నరాల దారిలో అడ్రినలిన్ క్షణాల్లో, ఈ కబురుతో కార్టిసాల్ నిమిషాల్లో పెరుగుతాయి. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పైకి పోతాయి. ఒక్కసారి జరిగితే కాసేపటికి సర్దుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు, నెలల తరబడి జరిగితే సర్దుకునే వ్యవధి ఉండదు. ఈ అరుగుదలకే బ్రూస్ మెక్‌యూయెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు 1993లో అల్లోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. ఎవరూ ఏమీ అనని రోజున కూడా ఇది ఆగదు. ఎవరేమంటారో అని కాచుకుని ఉండటమే శరీరాన్ని అదే స్థితిలో ఉంచుతుంది. బజారుకు వెళ్తే ఆపి ఆధార్ అడుగుతారేమో, ఊళ్లో దొంగతనం జరిగితే ముందు తమ గుడారాలకే వస్తారేమో అన్న బెంగ రాత్రి పడుకున్నా వదలదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. నిద్ర కలతగా ఉన్నవాళ్లకు ఆ తగ్గుదల సరిగా రాదు, గుండెకూ కిడ్నీలకూ రాత్రి దొరకాల్సిన విశ్రాంతి దొరకదు.

ఇదంతా ఊహ కాదనడానికి రెండు అధ్యయనాలు చాలు. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ 3,809 మంది జపాన్ సంతతి మగవాళ్లను పరిశీలించి మైకేల్ మార్మట్, లియొనార్డ్ సైమ్ 1976లో ఫలితాలు ప్రచురించారు. తమవాళ్ల మధ్య, తమ పద్ధతుల్లో బతికినవాళ్లకు గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. ఆ అల్లిక తెగి అమెరికా పద్ధతిలో పూర్తిగా కలిసిపోయినవాళ్లకు మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ కనిపించింది. తిండి, పొగ, బీపీ, కొలెస్టరాల్ తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ వ్యత్యాసం పూర్తిగా పోలేదు. రెండోది 2008 నాటిది. అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో మాంసం ప్యాకింగు ఫ్యాక్టరీ మీద వలస అధికారులు పెద్ద దాడి చేశారు. ఆ తర్వాత 37 వారాల్లో ఆ రాష్ట్రమంతటా లాటినో తల్లులకు పుట్టిన బిడ్డల్లో తక్కువ బరువు ముప్పు, అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 24 శాతం పెరిగింది. అమెరికాలోనే పుట్టిన, ఏ అరెస్టు భయమూ అక్కర్లేని లాటినో తల్లుల బిడ్డల్లోనూ పెరిగింది. తెల్లజాతి తల్లుల బిడ్డల్లో పెరగలేదు. తమలాంటివాళ్ల మీద జరిగిన దాడి దూరంగా ఉన్న గర్భిణి ఒంటిని కూడా తాకిందన్నమాట.

బెజవాడ, గుంటూరుల్లో అద్దెకు గదులిచ్చే చాలా ఇళ్లలో డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్నారు. అక్కడ వాళ్లనెవరైనా చులకన చేస్తే ఇక్కడ అమ్మానాన్నలకు అన్నం సహించదు. ఆ బాధ తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర వివక్ష చాలావరకు పెద్ద గొడవగా కనిపించదు. కల్లం దగ్గర వీళ్లకు వేరే గ్లాసు, మధ్యాహ్నం ఎండలో చేయాల్సిన పని వీళ్లకే, హిందీవాళ్లకు ఇల్లివ్వమన్న మాట, బెంగాలీ మాట్లాడే ముస్లిం కుర్రాడు కనిపిస్తే దేశం గురించి ప్రశ్నలు. తెలుగు మాట్లాడితే తప్పించుకుంటారనుకోవద్దు. శ్రీకాకుళం యాసనూ కర్నూలు యాసనూ వెక్కిరించడం ఇక్కడ తప్పుగా ఎవరికీ తోచదు. వెక్కిరింపు పడ్డవాళ్లు డాక్టరు ముందు నోరు తెరవరు. అడిగిన ప్రతిదానికీ "ఊఁ" అంటారు. మందు ఎలా వేసుకోవాలో అర్థం కాకపోయినా అర్థమైందనే అంటారు.

నీళ్ల దగ్గర జరిగే నష్టం అన్నిటికంటే త్వరగా కనిపిస్తుంది. 2015 మే వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేడికి శరీరం అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువ పోవడం అనే మార్పులు ఒంట్లో వస్తాయి. అందుకే కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు ఎండ పని మొత్తంలో ఐదో వంతే ఇవ్వాలి. రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలి. సైట్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పాతవాళ్లు నీడ పని చేజిక్కించుకుంటారు, రైలు దిగిన కుర్రాడికి మొదటి మధ్యాహ్నమే శ్లాబు మీద ఇనుము కట్టే పని పడుతుంది. కాసేపు ఆగుతానని అడగడానికి భాష రాదు, అడిగితే పనిదొంగ అంటారేమోనని భయం. కళ్లు తిరుగుతున్నా చెప్పడు.

ఎండలో పని చేసేటప్పుడు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే దాదాపు 250 మిల్లీలీటర్లు తాగాలి. దప్పిక వేసేదాకా ఆగకూడదు. గంటకు లీటరున్నరకు మించీ తాగకూడదు, ఒంట్లో సోడియం పడిపోతుంది. చెమట బాగా కారే పని రెండు గంటలు దాటితే ఉప్పు కూడా కావాలి. ఒక లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో వేసి తాగకూడదు. గంజిలోనో మజ్జిగలోనో ఉప్పేసి తాగినా మంచిదే. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు పెట్టాలి. తెలివి లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆడవాళ్ల సంగతి వేరు. మిరప చేల దగ్గర, తొడిమలు తీసే షెడ్ల దగ్గర మరుగుదొడ్డి లేకపోతే, ఊళ్లో వాళ్ల ఇళ్ల వెనక్కి వెళ్తే తరుముతారని భయముంటే వాళ్లు చేసే పని ఒక్కటే: పొద్దున్నుంచి నీళ్లు మానేయడం. మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, రాళ్లు అక్కణ్నుంచే మొదలవుతాయి. గర్భిణులకైతే మూత్రకోశ ఇన్ఫెక్షన్ నెలలు నిండకుండా కాన్పుకు దారితీస్తుంది. ముప్పై నలభై మంది ఆడవాళ్లు తొడిమలు తీసే చోట తలుపు, గొళ్లెం, లోపల నీళ్లు ఉన్న రెండు దొడ్లు కట్టించడానికి అయ్యే ఖర్చు యజమాని ఒక్క సీజన్లో మరచిపోతాడు. తాగునీళ్ల డ్రమ్ము కూడా అందరిదీ ఒకటే ఉండాలి. వేరే గ్లాసు పెట్టినచోట నీళ్లు అడిగి తాగేవాళ్లు తగ్గిపోతారు.

గుంటూరులో ప్రత్యేకంగా గమనించాల్సిన జబ్బు ఒకటుంది, దాని మీద ఇక్కడ చాలామంది దృష్టి లేదు. పశ్చిమ ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకల్లో, వెన్నులో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. దాన్ని రేపేవి నాలుగు: ఒంట్లో నీరు తగ్గడం, చలి, జ్వరం, విపరీతమైన అలసట. బయట 44 డిగ్రీల ఎండలో లారీ దగ్గర చెమట కార్చి, మిరప టిక్కీ (బస్తా) భుజాన పెట్టుకుని కోల్డ్ స్టోరేజీ గదిలోకి, మళ్లీ బయటికి తిరిగే హమాలీకి ఈ జబ్బుంటే మొదటి రెండు కారణాలూ ఒకే పూటలో కలుస్తాయి. పైకి వాపూ ఉండదు, గాయమూ ఉండదు. నటిస్తున్నాడంటారు, ఆ రోజు కూలి కోస్తారు. అతను మర్నాడు నొప్పితోనే వస్తాడు. జాతీయ స్థాయిలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది, 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్ష చేయడం అందులో భాగం. ఆ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు పదే పదే ఒళ్లునొప్పులంటే, కళ్లు పచ్చగా ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఉందంటే సాల్యుబిలిటీ అనే రక్త పరీక్ష చేయించాలి. పాజిటివ్ వస్తే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధారించుకోవాలి. జబ్బు ఖాయమైతే హైడ్రాక్సీయూరియా మాత్రతో నొప్పి దాడులు బాగా తగ్గుతాయి. ఆ మనిషికి చలిగది పని కాకుండా తూకం దగ్గరో, కుట్టు దగ్గరో పనివ్వాలి. నొప్పితోపాటు జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే సాయంత్రం దాకా ఆగకూడదు, నేరుగా జీజీహెచ్‌కి, అంటే ప్రభుత్వ పెద్దాస్పత్రికి, తీసుకెళ్లాలి.

అదే ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు జ్వరమొస్తే మొదటి రోజే మలేరియా పరీక్ష చేయాలి. వాళ్లే జబ్బు మోసుకొచ్చారని అందరి ముందూ అంటే మాత్రం తర్వాతి జ్వరం ఎవరూ చెప్పరు, గుడారంలోనే ముసుగేసుకుని పడుకుంటారు.

ఆస్పత్రికి రావడానికి జంకే మనిషి వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. అతను రాత్రి పదింటికి కూడా దొరుకుతాడు, కసరడు, అప్పిస్తాడు. అక్కడ మర్యాద దొరుకుతుంది కాబట్టే వెళ్తున్నారన్న సంగతి ప్రభుత్వాసుపత్రులు గుర్తించాలి. ఇబ్బంది మందుల దగ్గర వస్తుంది. సెలైన్ బాటిల్‌లో బీ కాంప్లెక్సు, ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఒక డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇస్తే ఆ పూటకు ప్రాణం లేచొస్తుంది. డెక్సామెథసోన్ బీపీని, షుగరును పెంచుతుంది, జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల క్షయ ఉంటే దానికి ఊపిరి పోస్తుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీకి రక్తం వెళ్లే దారిని ఇంకా బిగిస్తాయి. ఉద్దానం నుంచి వచ్చిన మేస్త్రీలకు, మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలవాళ్లకు కిడ్నీ జబ్బు భయం ముందే ఉంది. వాళ్లకు రోజూ వేసుకునే నొప్పి మాత్ర చాలా పెద్ద ప్రమాదం. నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, మాత్రకూ మాత్రకూ మధ్య ఆరు గంటలు, రోజుకు మూడు గ్రాములు దాటకుండా సరిపోతుంది. తాగుడు అలవాటున్నవాళ్లకు అంతకంటే తగ్గించాలి. వారం దాటినా నొప్పి మాత్ర అడుగుతున్నవాళ్లకు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాయాలి.

ఇప్పుడు ఓపీ గది. మొదటి వాక్యంతోనే సగం పని జరుగుతుంది లేదా చెడుతుంది. "ఏరా, ఏంటి?" బదులు "బైఠియే, ఆప్‌కో క్యా తక్లీఫ్ హై?" అంటే చాలు, మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. ఒడియా వాళ్లతో "కేతే దిన హెలా?" అని ఎన్నాళ్లైందో అడగవచ్చు, బెంగాలీ వాళ్లతో "కోథాయ్ బ్యథా?" అని నొప్పెక్కడో అడగవచ్చు. ఉచ్చారణ తప్పినా ఫర్వాలేదు. మేస్త్రీనిగానీ కాంట్రాక్టరునుగానీ దుబాసీగా పెట్టుకోకూడదు. తాగుడు, కూలి ఎగ్గొట్టడం, కొట్టడం, నెలసరి, కాన్పు లాంటి సంగతులు ఆ మనిషి ముందు ఎవరూ చెప్పరు. చిన్నపిల్లలతో చెప్పించడం ఇంకా తప్పు. అదే ఊరి మరో కూలీనో, ఫోన్లో వాళ్ల ఊరి ఆశా కార్యకర్తనో, భాష తెలిసిన నర్సునో వాడుకోవాలి. మందు వాడే విధానం చెప్పాక, ఎలా వేసుకుంటారో మీరే ఒకసారి చెప్పండి అని అడిగి వినాలి. దీనికి ఒక నిమిషం పడుతుంది, మళ్లీ మళ్లీ వచ్చే ఓపీలు తగ్గుతాయి. మాత్రల కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీస్తే చదువు రానివాళ్లకూ తెలుస్తుంది.

బీపీ చూసే పద్ధతి కూడా మారాలి. గంటన్నర లైన్లో నిలబడి, సెక్యూరిటీ చేత మాటలు పడి లోపలికొచ్చిన మనిషికి వెంటనే పట్టీ కడితే 150 చూపించడం వింత కాదు. ఖైనీ, టీ ఆపి అరగంటైనా కావాలి. మూత్రం పోసుకుని రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకానించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. నిమిషం రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు తీయాలి. 140/90 గానీ అంతకు మించిగానీ వస్తే మరో రోజు మళ్లీ చూశాకే మందు మొదలుపెట్టాలి, 180/110 దాటితే మాత్రం ఆగకూడదు. ఆ రెండో రోజున రమ్మంటే కూలి పోతుందని రారు. అందుకని సాయంత్రం ఏడు తర్వాత సైట్ దగ్గరే చూసే ఏర్పాటు ఉన్నచోటే ఇది సాగుతుంది.

మనోవేదన ఈ మనుషుల్లో దిగులు అనే పేరుతో రాదు. గ్యాస్, గుండెదడ, నరాల బలహీనత, అరికాళ్ల మంటలు, తల బిగబట్టడం అంటారు. ఆ మాటలు విని "అంతా టెన్షనే" అని ఇంటికి పంపడం కూడా అన్యాయమే. అలా పంపినవాళ్లలో రక్తహీనత, థైరాయిడ్, క్షయ ఉన్నవాళ్లుంటారు. హిమోగ్లోబిన్, షుగరు, దగ్గుంటే కళ్లె పరీక్ష ముందు చేయాలి. అవి చేస్తూనే రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులున్నారు, దిగులుగా ఆశ లేనట్టు ఎన్ని రోజులున్నారు. ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికి పైగా రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే దిగులు జబ్బును కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పరీక్షకు వెళ్లాలి. పని దగ్గర ఎవరైనా తక్కువ చేసి మాట్లాడుతున్నారా, కూలి సరిగా ఇస్తున్నారా అన్నది విడిగా అడగాలి. అడగందే చెప్పరు, అడిగితే చాలామంది చెబుతారు. మనోవేదనకు సలహా చెప్పే టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కి రాత్రీపగలూ ఎప్పుడైనా చేయవచ్చు, హిందీ, ఒడియా, బెంగాలీ సహా చాలా భాషల్లో మాట్లాడతారు. నంబరు గోడమీద రాసి ఊరుకుంటే ఎవరూ చేయరు. మొదటిసారి పక్కన కూర్చుని కలిపిచ్చి, భాష ఎంచుకున్నాక లేచి వెళ్లాలి.

మిరప రైతులకు ఒక ముఖ్యమైన మాట. కూలీలు పడుకునే షెడ్డులోనే పురుగుమందు డబ్బాలు పెట్టకండి. ఇనుప పెట్టెలో పెట్టి, తాళం రైతు దగ్గరే ఉంచాలి. అప్పు, అవమానం, ఇంటి మీద బెంగ ఒక్కటైన రాత్రి చేతికందే దూరంలో మందు లేకపోతే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఆవేశం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. చచ్చిపోతానన్న మాట ఎవరన్నా వింటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు జీజీహెచ్ మానసిక విభాగానికి తీసుకెళ్లాలి.

తిండి మార్పు చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కడుపు చాలా చెబుతుంది. ఒడియా, బెంగాలీ వాళ్లకు ఉప్పుడు బియ్యం అలవాటు, ఆవనూనె అలవాటు. ఒడియా కూలీ ఎండాకాలం పొఖాళొ అనే చద్దన్నం తింటాడు. బీహార్ వాళ్లకు రొట్టె, సత్తు పిండి కావాలి. మన మెస్సుల్లో పచ్చి బియ్యం అన్నం, పామాయిలు, గుంటూరు కారం, పచ్చడి మూడు పూటలా పడితే నెల తిరక్కుండా కడుపులో మంట మొదలవుతుంది, గ్యాస్ మాత్రలు మొదలవుతాయి. సొంతంగా వండుకునే చోటు, ఒక పొయ్యి, వారానికోసారి వాళ్ల సరుకు తెప్పించుకునే వీలు ఇస్తే చాలా ఓపీలు తగ్గుతాయి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2022 జూన్‌కి అన్ని రాష్ట్రాల్లోనూ అమలైంది. ఆధార్‌తో కలిపిన జాతీయ ఆహార భద్రత కార్డుంటే మన రేషన్ షాపులోనే మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా తీసుకోవచ్చు. కార్డు తేనక్కర్లేదు, నంబరు చాలు. ఇంటి దగ్గరున్నవాళ్లు తమ వాటా అక్కడ తీసుకున్నా, ఇక్కడి మనిషి తన వాటా ఇక్కడ తీసుకోవచ్చు. సిమెంటు పనివాళ్లకు వేలిముద్రలు అరిగి యంత్రం పట్టదు. చేతులు కడిగి, తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి వేరే వేలు ప్రయత్నించాలి, కుదరకపోతే కనుపాపతో చూడమనాలి. డీలరు బయటి కార్డు చెల్లదంటే 14445కి ఫోన్ చేయవచ్చు.

ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆయుష్మాన్ భారత్ కార్డు ఇక్కడా పనిచేస్తుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఇందులో ఉన్నాయి, ఒడిశా 2025లో చేరింది. ఓపీకి, బయట కొనే మందులకు ఇది వర్తించదు. జాబితాలో ఉన్న ఆస్పత్రులేవో 14555లో చెబుతారు.

మనుషుల్ని తమ సొంత ఊరివాళ్లతో కలిపి ఉంచడం మందు లేని వైద్యం. సైట్ మారేటప్పుడు ఒకే ఊరి గుంపును ముక్కలు చేసి నాలుగు చోట్లకు పంపడం కాంట్రాక్టర్లకు అలవాటు, గట్టిగా అడగరని అలా చేస్తారు. ఒంటరిగా పడ్డవాళ్లకే తాగుడు ముదురుతుంది, జబ్బు దాగుతుంది. సొంత పద్ధతుల్ని, కొత్త ఊరిని రెండింటినీ పట్టుకున్నవాళ్లు ఈ మార్పును మిగతావాళ్లకంటే బాగా తట్టుకుంటారని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ దశాబ్దాల పరిశోధనలో చూపించారు. దీనికి మనం చేయగలిగింది చాలా ఉంది. పశ్చిమ ఒడిశా వాళ్లకు పెద్ద పండగ నువాఖాయి వినాయక చవితి మర్నాడే వస్తుంది, చవితి సెలవును ఒక్క రోజు పొడిగిస్తే చాలు. సూర్యుణ్ని కొలిచే ఛఠ్ పండక్కి బీహారీలకు కృష్ణ ఒడ్డున నిలబడే చోటు, ఆ సాయంత్రం, మర్నాటి తెల్లవారుజాము కావాలి. రోజూ పదిహేను నిమిషాలు తెలుగు నేర్పితే నెలలో బస్సు, కొట్టు, ఆస్పత్రి మాటలు వచ్చేస్తాయి. నొప్పి, జ్వరం, నీళ్లు, రేపు, ఎంత అన్న మాటలతో మొదలుపెట్టాలి.

రాత్రి లారీలు దిగే యార్డుల్లో పనిచేసేవాళ్లకు నిద్ర ముక్కలవుతుంది. మొత్తం ఏడు గంటలు ఒకేసారి కుదరకపోయినా, ఏ నాలుగు గంటలైనా రోజూ ఒకే వేళకు పడుకునేలా వాటాలు వేసుకోవాలి. ఆ వేళలో గదిలో లైటు, ఫోన్ పాటలు ఆపాలి.

క్షయ విషయంలో వెలివేత చేసినంత చెరుపు మరొకటి లేదు. రెండు వారాలు దాటిన దగ్గు బయటపడితే గదిలోంచి తోసేస్తారని దాచుకుంటారు. మందులు సరిగా పడితే మొదటి కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, గది నుంచి పంపేయాల్సిన అవసరం లేదు. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది. మందులు ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. సీజన్ అయిపోయి ఊరెళ్లేటప్పుడే మందు ఆగిపోతుంది, మొండి క్షయకు దారి అదే. వెళ్లే ముందు నిక్షయ్ నంబరు (క్షయ రోగిగా నమోదైన నంబరు) చూపించి బదిలీ చేయించుకుంటే వాళ్ల ఊళ్లోనే మిగతా మందులు, నెలకు 1,000 రూపాయల పోషకాహార డబ్బు కొనసాగుతాయి.

పిల్లల టీకాలకూ స్థానిక చిరునామా అక్కర్లేదు. 6, 10, 14 వారాలు, 9 నెలల తట్టు టీకా, 16 నుంచి 24 నెలల బూస్టర్లు ఏ కేంద్రంలోనైనా ఉచితంగా వేస్తారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ తిండీ అంతే, పేరు ఇక్కడికి మార్పించుకోవచ్చు.

సీజన్ చివర ఊరెళ్లే వారం ముందు ఆశా కార్యకర్త ఒక్కసారి గుడారాలకు వెళ్లి ఒక్కొక్కరికీ ఒక కాగితం రాసివ్వాలి. బీపీ, షుగరు అంకెలు, తేదీ, మందుల అసలు పేర్లు, మోతాదు, టీకా కార్డు, నిక్షయ్ నంబరు, సికిల్ సెల్ ఫలితం. కంపెనీ పేరు రాస్తే అక్కడ ఆ కంపెనీ దొరకదు, అందుకే బీపీ మాత్రైతే ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు అనే రాయాలి. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి, అవి అయిపోయే తేదీ కాగితం పైన పెద్దగా వేసి, ఆ తేదీకి వారం ముందే తమ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలని చెప్పాలి. ఆ కాగితాన్ని వాళ్ల ఫోన్‌తోనే ఫొటో తీయించాలి.